మా మరిది చక్రాల మంచె

నవంబరు పదహారు, ఆదివారం. మా మరిది ఈ నెల నాలుగో తేదీ, మంగళవారం ఉదయం నిద్రలోనే కన్నుమూశాడు. ఫోను నేనే ఎత్తాను. అవతల మా తోటికోడలు. "అక్కా, ఎంత లేపినా లెగట్లేదు" అంది. వాళ్ళ ఇల్లు మా వీధిలోనే, మాకు ఏడిళ్ళ అవతల. చెప్పులు వేసుకోకుండా వెళ్ళాను. నాకు డెబ్బై ఆరేళ్ళు. చెప్పుల్లేకుండా వీధిలోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి.

నిన్న సాయంత్రం జ్ఞాపకార్థ కూడిక జరిగింది. మాట్లాడిన వాళ్ళు అతన్ని ప్రార్థనాపరుడన్నారు, ఓర్పు గలవాడన్నారు. ఒకాయన మృదుభాషి అన్నారు. ఆ మాటకు మా తోటికోడలు అంత దుఃఖంలోనూ తలెత్తి నా వైపు చూసింది. మా మరిది గొంతు విప్పితే పక్క వీధిలో కుక్కలు లేచి నిలబడేవి. సంఘ పత్రికకు కొంచెం రాసిమ్మని పాస్టరుగారు అడిగారు. రాస్తానన్నాను. కూడికలో ఎవరూ చక్రాల మంచె ఊసెత్తలేదు. దాని సంగతి చెప్పకుండా మా మరిది సంగతి చెప్పడం కుదరదు. దాని కింద నిలబడి నేను అతన్ని అన్న ఒక మాట కూడా ఉంది. అదీ చెప్పాలి.

అతను ఉక్కు కర్మాగారంలో ముప్ఫై నాలుగేళ్ళు పరంజాలు కట్టాడు. కొలుములు బాగుచేసేవాళ్ళు ఎత్తున నిలబడి పనిచేయడానికి ఇనుప గొట్టాలతో అంతస్తులు లేపడం, పని పూర్తయ్యాక వాటిని విప్పడం అతని ఉద్యోగం. "వదినా, నాను కట్టింది ఏదీ మిగల్లేదు. మళ్ళీ విప్పీడానికే కట్టీవోణ్ణి" అని నవ్వేవాడు.

మల్కాపురంలో గోడల గతి ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పోర్టు నుంచి బొగ్గు నుసి, రిఫైనరీ పొగ, సముద్రం మీది ఉప్పుగాలి. రెండు మూడేళ్ళకొకసారి క్రిస్మస్‌కు ముందు రంగు వేయకపోతే మా హాలు గోడ వంటింటి గోడలా తయారవుతుంది. ఆ హాలు మా మామగారు సరదాపడి రెండంతస్తుల ఎత్తు కట్టించారు. గోడ పదిహేడు అడుగుల నాలుగు అంగుళాలు. మావారు ఉన్నప్పుడు భోజనాల బల్ల మీద కుర్చీ వేసి, దాని మీద నిలబడి, పొడవాటి కర్రకు బ్రష్షు కట్టి వేసేవారు. కుర్చీ కాళ్ళు నేను పట్టుకునేదాన్ని. ఒక ఏడాది నేను పట్టుకుని ఉండగానే పడ్డారు. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో కట్టు కడుతుంటే మా మరిది డ్యూటీ బట్టల్లోనే వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు.

"ఏటన్నయ్యా ఇది? ప్లాంటులో ఎవడైనా ఇలా ఎక్కితే ఆ రోజే గేటు బయటుంటాడు. వదినా, నువ్వు సదువుకున్నదానివి, నువ్వయినా సెప్పొద్దా?"

 

అతను రిటైరైన నెలలోనే ఆ గోడ కోసం మంచె కొనడానికి నేనూ అతనూ ఆటోనగర్ వెళ్ళాం. ఇనుప చట్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, అడ్డంగా గొట్టాలు బిగించి, పైన పలక పరిస్తే నిలబడడానికి వీలవుతుంది. అడుగున నాలుగు చక్రాలు, ప్రతి చక్రానికీ ఒక బ్రేకు. కొట్టువాళ్ళు దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పారు. మా వీధి దాన్ని మొదటి రోజే చక్రాల మంచె అంది. ఆ పేరే నిలిచింది.

కొట్టతను అన్నిటికన్నా పెద్దది చూపించాడు. "ఇది తీసుకోండమ్మా. రేపు మేడేసినా పనికొత్తాది."

"వెడల్పెంత?" అన్నాను.

"మూడున్నర అడుగులండి."

"మా తలుపు రెండడుగుల పది అంగుళాలు. కొన్నాక వీధిలో నిలబెట్టి చూసుకోమంటావా?"

మా మరిది అతని భుజం మీద చెయ్యేశాడు. "బావా, ఆవిడ హెడ్మిస్ట్రెస్సు. జవాబు తప్పు సెప్పేవంటే నిన్ను ఈ మంచె మీదే నిలబెట్టేత్తాది. సన్నగుండేది తే."

సన్నది తెచ్చాక దాని చక్రాలకు బ్రేకులు వేసి, తుంటితో ఒక్క తోపు తోశాడు. కదిలింది. రెండోది తెప్పించాడు. అదీ కాస్త కదిలింది. మూడోది కదల్లేదు. "టిక్కుమని సప్పుడైతే బ్రేకు కాదు వదినా. ఆగితే బ్రేకు" అన్నాడు. ఆ మూడోదే తన డబ్బుతో కొన్నాడు. గోడ నుంచి పక్కకు వాలకుండా ఉండే ఊతకాళ్ళు కూడా అడిగి తీసుకున్నాడు. కొట్టతను అక్కర్లేదన్నా వినలేదు.

ఇక మొదటి రోజు జరిగింది రాయాలి, తప్పు నాదే కనుక. అతను పైనుండి రంగు వేస్తున్నాడు. చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఆరిపోతే పోవని నేను బకెట్టుతో నీళ్ళు తెచ్చి హాలు కడగడం మొదలుపెట్టాను. మా హాలుకు వాకిలి వైపు వాటం ఉంది. కడిగిన నీళ్ళు నిలవకుండా పోవాలని ఇల్లు బాగుచేయించినప్పుడు మేస్త్రీ దగ్గర నిలబడి నేనే పెట్టించాను. బ్రేకులు వేసే ఉన్నాయి. కానీ ఆ రోజు ఊతకాళ్ళు బిగించలేదు, గచ్చు నున్నన, పైగా సబ్బునీళ్ళు. చక్రాలు తిరగలేదు గానీ జారాయి. మా మరిదిని, రంగు డబ్బాను, బ్రష్షును మోసుకుని మంచె మెల్లగా, ఏ తొందరా లేకుండా వాకిలి దాకా వెళ్ళి గడపకు కొట్టుకుని ఆగింది.

పైనుంచి గొంతు వినబడింది.

"వదినా, ఓడ రేవులోకొచ్చింది. తాడు కట్టించు."

దిగాక మాత్రం నవ్వలేదు. వంగి తడి గచ్చు మీద అరచెయ్యి పెట్టి వాటం చూశాడు. మర్నాడు రెండు టేకు చెక్కలు చెక్కి తెచ్చాడు, మా హాలు వాటానికి సరిగ్గా సరిపోయేటట్టు. పల్లపు వైపు చక్రాల కింద అవి పెట్టాక మంచె నిటారుగా నిలిచింది. పెన్సిలుతో ఒకదాని మీద "వదిన ఇల్లు, కుడి" అని, రెండోదాని మీద "వదిన ఇల్లు, ఎడమ" అని రాశాడు. నా వంతుగా నేనొక పద్ధతి పెట్టాను. మంచె నిలిపిన చోట నాలుగు చక్రాల చుట్టూ చాక్‌పీసుతో గీత గీస్తాను. అరగంటకోసారి వచ్చి చూస్తాను. చక్రం గీత దాటితే పని ఆగాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దాటలేదు. ఆ రోజు గడపకు పడిన నొక్కు ఇంకా ఉంది. పుట్టీ పెట్టనివ్వలేదు.

క్రిస్మస్ వస్తోందంటే మంచె వీధంతా తిరిగేది. చర్చి ఫ్యాన్లు తుడవడానికి, మేడల మీద స్టార్లు కట్టడానికి, కప్పుల బూజు దులపడానికి. ఎవరికిచ్చినా తనూ వెళ్ళేవాడు. చక్రాలు చూసి, చెక్కలు పెట్టి, పని అయ్యేదాకా కిందే నిలబడేవాడు. పైన మనిషి ఉండగా మంచెను ఒక్క అంగుళం తోయనిచ్చేవాడు కాదు. "పైకెక్కినోడికి గోడొక్కటే పని. కిందున్నోడికి మడిసి పని" అనేవాడు. ప్రతి నెలా మొదటి శనివారం చక్రాలకు గ్రీజు పెట్టేవాడు.

మా ఇంట్లో పని చేసేటప్పుడు టీకి దిగేవాడు కాదు. "దిగితే మోకాళ్ళు గురుతొత్తాయి వదినా." తాడు కట్టిన చిన్న బకెట్టు కిందికి వదిలేవాడు. అందులో నేను గాజుగ్లాసు పెడితే చుక్క ఒలకకుండా లాక్కునేవాడు. తాగి, కీర్తన ఎత్తుకునేవాడు. రెండో చరణం ఎప్పుడూ తప్పే. నేను కింద నుంచి సరిదిద్దేదాన్ని. సరే అనేవాడు, మళ్ళీ అలాగే పాడేవాడు. గత పన్నెండు రోజులుగా ఆ రెండో చరణం నాకు తప్పుగానే గుర్తొస్తోంది. సరైన మాటలు ఎంత వెతికినా రావడం లేదు.

అక్టోబరు ముప్ఫై ఒకటి, శుక్రవారం. ఈ ఏడాది పని మొదలుపెట్టి రెండో రోజు. పాత రంగు గీకుతున్నాడు. నాలుగు గంటలకు గోడంతా అయింది, కప్పు కింద పై మూల ఒక్కటి మిగిలింది. మంచె అక్కడికి జరిపి, చెక్కలు పెట్టి ఎక్కాడు. నేను గీతలు గీసి, బకెట్టులో టీ గ్లాసు పైకి పంపి, తలెత్తి చూశాను. ఆ మూల నల్లగా ఉంది. చర్చి ఫ్యాన్ల కోసం మంచె ఎప్పుడు కావాలో చెప్పడానికి ఇద్దరు సంఘపెద్దలు వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నారు. వాళ్ళు వింటుండగానే అన్నాను.

"ఆ మూలకు ఎప్పుడూ ఒక్క కోటింగే వేస్తావు. నాకు కనబడదని."

ఎప్పటిలా "పొగంతా పైకే పోతాది కదేటి వదినా" అంటాడనుకున్నాను. అనలేదు. గీకుడు రేకు పలక మీద పెట్టి దిగాడు. చేతులు కడుక్కున్నాడు. "సోమవారం వత్తాను" అన్నాడు. టీ గ్లాసు పైనే ఉండిపోయింది.

సోమవారం ఒళ్ళు నొప్పులని రాలేదు. వెళ్ళి చూడాల్సింది. అతనే వస్తాడులే అనుకున్నాను. నలభై ఏళ్ళు బడిలో పిల్లల్ని అనుమానించే ముందు రుజువు చూడమని కింది టీచర్లకు చెప్పినదాన్ని. ఇంట్లో మనిషిని రుజువు లేకుండా నలుగురి ముందు దొంగపని చేశావన్నాను. భూస్థాపన నాడు మట్టి వేస్తున్నప్పుడూ నాకు ఆ మూలే కళ్ళ ముందు ఉంది.

నిన్న కూడిక అయ్యాక అతని కూతురు ఇద్దరు కూలీలతో మా ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, అమ్మ దీన్ని సూడలేకపోతంది. విప్పించి పాత ఇనుముకి ఇచ్చేత్తాను. నువ్వేటీ అనుకోకు."

అది వాళ్ళ నాన్నది. వద్దనే హక్కు నాకు ఎక్కడిది? "సరే. పైన గ్లాసుంది, ముందు అది తియ్యి" అన్నాను.

మంచె ఎక్కడం ఆ పిల్లకు వాళ్ళ నాన్నే నేర్పాడు. చట్రం లోపలి వైపు నుంచే, రెండు చేతులూ పట్టుకుని ఎక్కింది. నేను వంగి బ్రేకులు, చెక్కలు, గీతలు చూశాను. పైన చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది?"

"పెద్దమ్మా... గోడ మీద నాన్న రాత ఉంది. పెన్సిలుతో."

"చదువు."

"'వదినకు ఈ మూల కనబడదు. అయినను రెండు కోటింగులు వేసితిని.' కింద మూడేళ్ళ కిందటి డిసెంబరు అని ఉంది."

మళ్ళీ చదవమన్నాను. చదివింది. మూడోసారి కూడా చదివించాను. తప్పులేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవంది. బైబిలు మాటల్లో రాయడం అతని అలవాటు. పాలవాడికి చీటీ పెట్టినా అలాగే రాసేవాడు.

"పోటో తీత్తానుండు, నువ్వూ సూద్దువు గాని" అని ఫోను తీసింది. వద్దన్నాను. నాకు కనబడకూడదనే అక్కడ రాశాడు. కనబడకుండానే ఉండనీ.

అది కిందికి దిగి, గ్లాసు నా చేతిలో పెట్టి, వంగి నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కొక్కటే నొక్కి చూసింది. తర్వాత కూలీల వైపు తిరిగి, "వెళ్ళిపోండి బాబూ, ఇయ్యాల పని లేదు" అంది. అప్పుడు ఇద్దరం కూర్చుని ఇవి అనుకున్నాం. ఎవరూ మరిచిపోకుండా రాసి పెడుతున్నాను.

1. మంచె అమ్మడం లేదు. మా తోటికోడలికి ఇది నేనే చెబుతాను. ఆ రాతా నేనే చెబుతాను.

2. చర్చి ఫ్యాన్లకు, వీధిలో స్టార్లకు మంచె ఎప్పటిలాగే వస్తుంది. తీసుకెళ్ళేవాళ్ళు అతని కూతుర్ని పిలవాలి. అది వచ్చి చక్రాలు చూశాకే ఎక్కాలి. ఒకరు కిందే ఉండాలి.

3. ప్రతి నెలా మొదటి శనివారం గ్రీజు.

4. మా గోడకు క్రిస్మస్ లోపల రెండు కోటింగులు, నేను చూసినా చూడకపోయినా. పై మూలలో ఆ రాత ఉన్న జానెడు చోటు గీకకూడదు, రంగు తగలకూడదు.

5. అతన్ని అనుమానించి నేను అన్న మాట ఆ సంఘపెద్దలు ఇద్దరూ విన్నారు. అది తప్పని ఇందుమూలంగా వాళ్ళకు తెలియజేస్తున్నాను.

6. మంచె జరిపిన రోజు హాలు కడగాలి. అక్టోబరు ముప్ఫై ఒకటి నుంచి ఆ వైపు కడగలేదు. నాలుగు చక్రాల చుట్టూ చాక్‌పీసు గీతలు చెరగకుండా ఉన్నాయి, ఏ చక్రమూ గీత దాటలేదు. మిగతా హాలంతా ఎవరైనా కడగవచ్చు. ఆ గీతల దగ్గరికి వచ్చాక చీపురు నాకివ్వాలి.