అమ్మ పట్టిన నీళ్లు

ఇంట్లో మనిషి పోయిన రోజు బిందెల్లోని నీళ్లు ఎందుకు పారబోస్తారో మీరు ఎప్పుడైనా ఎవరినైనా అడిగారా?

నేను అడిగాను. అమ్మ పోయిన రోజే అడగాల్సి వచ్చింది.

రాంగోపాల్‌పేట్‌లో మాది పై వాటా. ఎండాకాలం నల్లా రోజు మార్చి రోజు వస్తుంది, అదీ తెల్లవారుజామున, సన్నటి ధారగా. అమ్మ ముందు నీలం డ్రమ్ము నింపేది, తర్వాత బిందెలు, ధార ఆగేలోగా టీ గిన్నెలు కూడా. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు. బట్టలు జాడించిన నీళ్లు బాత్రూముకు. నేను మొహం మీద నాలుగు చెంబులు గుమ్మరించుకుంటే ఊరుకునేది కాదు.

"చెంబెడు నీళ్లతోని తెల్లగ గాని మొహం బిందెడుతోని అయితదా?"

ఆ మే నెలలో ఒక పొద్దున అన్నీ నింపి, మూతలు పెట్టి, ఆయాసంగా ఉందని పక్కమీద వాలింది. మళ్లీ లేవలేదు.

మౌలాలి నుంచి మేనత్త వచ్చింది. చాలాసేపు ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని వంటింట్లోకి తొంగిచూసింది.

"శవం లేవంగనే నీళ్లన్నీ పారబొయ్యుండ్రి. మైల."

నేను వెళ్లి డ్రమ్ము మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

"అత్తా, అవి అమ్మ పొద్దుగాల పట్టిన నీళ్లు. మళ్ల నల్లా ఎల్లుండే."

"ఏందీ, గిట్లంటవ్? మైల నీళ్లు ఇంట్ల ఉంచుకుంటరా ఎవరన్న?"

"మూత పెట్టి ఉన్నయ్ గదా. మైల ఎట్ల దూరింది?"

"నీ ఉపన్యాసాలు మీటింగుల చెప్పుకో బిడ్డా. ఇయ్యాల జెర ఊకో."

అప్పుడే కింది నుంచి పిలుపు వచ్చింది, పాడె సిద్ధమైందని. చెయ్యి తీయక తప్పలేదు.

శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి మెట్లు తడిగా ఉన్నాయి. గేటు ముందు మోరీలో నీళ్లు ఇంకా పారుతున్నాయి. పైన డ్రమ్ము బోర్లించి ఉంది. అమ్మ చేత్తో చేసిన ఆఖరి పని ఆ నీళ్లే. అప్పటిదాకా రాని ఏడుపు నాకు ఆ ఖాళీ డ్రమ్ము పక్కన వచ్చింది.

ఇక అందరూ స్నానాలు చేయాలి. ఇంట్లో చుక్క లేదు. ట్యాంకర్ రేపు గానీ రాదన్నారు. చర్చికి వెళ్లే కుటుంబం ఒకటి మా కింది వాటాలో ఉంటుంది. ఆ ఇంటి టీచరమ్మ తన బిందెలు తెచ్చి మెట్ల మీద పెట్టింది.

"మరి మీకెట్ల టీచరమ్మా?" అన్నాను.

"ఏదోలా సర్దుకుంటామండి. అమ్మగారు మాకెన్నిసార్లు పోశారో! మొహమాటపడకండి."

మేనత్త ఆ నీళ్లతోనే తలస్నానం చేసింది.

"వీటికి మైల లేదా అత్తా?"

ఆమె జుట్టు పిండుకుని తువ్వాలు చుట్టుకుంది.

అదే పైపు, అదే పొద్దున పట్టిన నీళ్లు. పైవాటికీ కిందివాటికీ మధ్య ఉన్నది ఒక స్లాబు. మూతలోంచి దూరగలిగిన మైల స్లాబు దగ్గర ఆగిపోయిందా? జీవితమంతా చెంబు చెంబూ దాచిన మనిషి కష్టాన్ని ఆమె పేరుతోనే మోరీలో కలిపి, దానికి ఆచారమని పేరు పెట్టాం. ఆ సాయంత్రం కరివేపాకు మొక్కకు పోయడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఈరోజే మీవాళ్లను కూర్చోబెట్టి చెప్పండి: నేను పోయిన రోజు ఎంతసేపైనా ఏడవండి, నీళ్లు మాత్రం పారబోయకండి.