నాయనమ్మ రెండో ఎద్దు

మా నాయనమ్మ సరస్వతమ్మది రెంటచింతల. ఒకసారి ఎరువుల కొట్టాయన యూరియా బస్తాతో పాటు అక్కరలేని మందు డబ్బా అంటగట్టబోతే, ఆ బస్తా మీదే కూర్చుంది. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంది. సాయంత్రానికి ఆయన బస్తా ఒక్కటే ఇచ్చి పంపాడు.

అలాంటి మనిషి ఫోన్లో వ్యవసాయం ఆటకి చిక్కింది. మోకాలి ఆపరేషన్ అయి చేనికి వెళ్ళలేని రోజుల్లో నేనే నేర్పాను. ఆటలో ఆమెకి ఒక్క ఎద్దే ఉంది. నాగలి కట్టాలంటే జత కావాలి. రెండో ఎద్దు ఖరీదు ఆరు వందల ఇరవై వజ్రాలు.

"వజ్రాలేందిరా తేజా? రూపాయల్లో చెప్పు."

"ముందు రూపాయలతో వజ్రాలు కొనాలి నాయనమ్మా. ఐదొందల వజ్రాలు నాలుగొందలు, పదకొండొందలైతే ఎనిమిదొందలు."

"నాకు ఆరొందల ఇరవయ్యే కావాల."

"అట్టా అమ్మరు."

"మరి మిగిలిన నాలుగొందల ఎనభై ఏం జేసుకోను?"

"ఎద్దుకి టోపీ కొనుక్కో."

"ఎద్దుకి టోపీ ఏందిరా, నీ మొహం! ఈ ఆటోడూ ఆ యూరియా కొట్టోడి లాంటోడే."

ఇంటర్ లెక్కలు రెండుసార్లు తప్పిన నేను, ఇన్నేళ్ళు ఆటల్లో డబ్బు తగలేసి కూడా ఈ సంగతి గమనించలేదు. ఆమె ఐదు నిమిషాల్లో పట్టేసింది.

ప్రకటనలు చూస్తే రోజుకి ఐదు వజ్రాలు ఉచితం. "నాలుగు నెలలు పడుతుంది" అని నవ్వాను.

"మిరప్పంటకి అంతకంటే ఎక్కువే పడతది."

రోజూ అన్నం తిన్నాక కళ్ళద్దాలు పెట్టుకుని షాంపూలవీ బీమావీ ప్రకటనలు శ్రద్ధగా చూసేది. రెండో నెలలో తెర మీద గడియారం తిరగడం మొదలైంది. పదకొండు వందల వజ్రాలు సగం ధరకే, గంటసేపే.

"కొను నాయనమ్మా, అయిపోద్ది!"

"కల్లంలో బేరగాడు కూడా లారీ ఎల్లిపోతందనే అంటాడు. ఎల్లనీ."

మూడో రోజు అదే బేరం మళ్ళీ వచ్చింది. "ఎల్లిన లారీ తిరిగొచ్చిందేందిరా?" అని పడీ పడీ నవ్వింది. అప్పుడూ కొనలేదు.

నాలుగు నెలలకి రెండో ఎద్దు వచ్చింది. పైసా ఖర్చు లేకుండా జత కట్టి, మొదటి చాలు తోలి, చెమట పట్టినట్టు నుదురు తుడుచుకుంది. అప్పటికి మోకాలూ కుదురుకుంది. మర్నాడు చేనికి బయల్దేరుతూ ఫోన్ నా చేతిలో పెట్టింది.

"జతకి మేతెయ్యి. ఏదీ కొనమాకు."

మేత వేస్తున్నాను. టోపీ వంక మాత్రం రోజూ ఒకసారి చూస్తున్నాను. నిజంగానే బాగుంటుంది.