పెద్దక్క పొయ్యి మీద పడిన నింద

బెంగళూరు కాడుగోడిలో రైల్వే స్టేషన్ వెనక సందులో పెద్దక్క నోటికి ఎదురొచ్చేవాళ్లు తక్కువ. ఒక్క గురుమూర్తి వచ్చినాడు. పాత బ్యాటరీలు కరగబెట్టి సీసం తీసే షెడ్డు ఆయనదే, సందు చివర. ఆమె మొగుడు సుంకన్న దగ్గి దగ్గి పోయిన దినం, శవం ఇంకా వాకిట్లో ఉండంగానే, నలుగురిలో అనేసినాడు: "నా పొగ కాదప్పా. గ్యాసున్నా సంగటికి కట్టెలపొయ్యే కావాలంటాది ఈమె. ఆ మసే వాని రొమ్ములో చేరింది."

అంటే వండిపెట్టి చంపిందన్నట్టు! ఆ నోటితోనే ఆ మాట వెనక్కి తీయించాలని పెద్దక్క ఆ పొద్దే పట్టు పట్టింది.

ఆమె కసువూడ్చే ల్యాబులో స్టెల్లా మేడం గాలిలోని దుమ్మును ఎక్స్‌రే మైక్రోస్కోపులో చూసి, ఒక్కో రేణువుకూ కులగోత్రాలు చెప్తాది. పెద్దక్క అడిగితే ఆమె ఇంటి మిద్దె మీద చిన్న పెట్టె, అందులో దుమ్ము పట్టేదానికి గోరంత బిళ్ల పెట్టింది. "పది దినాలు గాలికి వదిలెయ్ పెద్దక్కా."

పదోనాడు చూస్తే బిళ్ల తళతళమంటా ఉంది.

"మీరొస్తారని తడిగుడ్డతో తుడిచినా మేడం. దుమ్ము పట్టిన సామాను చూపించేదానికి నేనేమన్నా సిగ్గులేనిదాన్నా?"

స్టెల్లా తల పట్టుకుంది. గురుమూర్తికి తెలిసి పళ్లికిలించినాడు. "ఏమి పెద్దక్కా, మీ మిషన్‌కు నా పొగ కనపడనే లేదంట?"

"కనపడతాదిలే. నోరు మూసుకో, ఈగలు దూరతాయి."

రెండోసారి బిళ్ల పెట్టినాక, చేతులు ఎంత దురదపెట్టినా ఆమె మిద్దె ఎక్కలేదు. జన్మలో అంత కష్టమైన పని చేసి ఎరగదు.

ఫొటోలొచ్చినాయి. స్టెల్లా వేలు పెట్టి చూపించింది. "ఈ ముద్దముద్దగా ఉండేది మసి. ఈ గుండ్రటి పూసలు సీసం. కట్టెలపొయ్యిలోంచి ఇంత సీసం రాదు. కానీ సుంకన్న దేంతో పోయినాడో ఇది చెప్పదు."

"నా పొయ్యి సీసం కక్కదు కదా? చాలు."

ఆ కాగితాలతో పొల్యూషన్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది. ఆఫీసోళ్లొచ్చి, పరీక్ష చేసి, షెడ్డుకు సీలేసినారు. నాలుగోనాడు గురుమూర్తి ఆమె వాకిట్లో నిలబడినాడు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకో పెద్దక్కా. ఏం చెయ్యమన్నా చేస్తా."

"సందు నడిమధ్యన నిలబడి, నా పొయ్యిని అన్నమాట తప్పని చెప్పు."

చెప్పినాడు.

"మిద్దెల మీదోళ్లకు వినపడలా."

గొంతు చించుకున్నాడు. కిటికీలు తెరుచుకున్నాయి. మూడోసారికి చొక్కా తడిసిపోయింది.

"మరి ఫిర్యాదు..."

"తీసుకుంటానని నేనెప్పుడన్నా?"

తలుపేసింది. ఆయన ఇంకెంతసేపు నిలబడతాడో తలుపు సందులోంచి చూసుకుంటా, తీరిగ్గా వక్క నమిలింది.