మార్లిస్ కారుకి చోటు

మా వీధిలో మార్లిస్‌కి ఉన్నది ఒకే ఒక్క కోరిక, చలికాలంలో తన కారు గ్యారేజీలో ఉండాలని. నెలల తరబడి మంచు కురిసే మా మిన్నెసోటాలో ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. కానీ ఆవిడ మొగుడు డ్వేన్ ఆ గ్యారేజీని కప్పుదాకా నింపి పెట్టాడు. చక్రాలూడిన సైకిళ్లు, వెలగని పొయ్యిలు, తీగ తెగిన దీపాలు, వాటి మధ్య మహారాజులా ఒక అల్యూమినియం పడవ. ఆసుపత్రి బట్టలుతికే చోట మార్లిస్ ఉద్యోగం. తెల్లారకముందే బయల్దేరాలి. జనవరిలో ఆవిడ కారు అద్దం మీద మంచు గీకే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

పోయిన చలికాలం అలా గీకుతూనే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పుడు దిగొచ్చాడు డ్వేన్. మే నెలలో ఊరంతా ఇళ్లముందు పాత సామాన్లు పరిచి గ్యారేజీ సేల్ పెట్టే శనివారం అన్నీ అమ్మేద్దాం అన్నాడు. అమ్ముడుపోనివి మాత్రం మళ్లీ లోపలికే వస్తాయని ఒక మెలిక పెట్టాడు.

ఆ శనివారం మార్లిస్ ముందుగా చేసిన పని మొగుణ్ని ఇంట్లోంచి తరిమెయ్యడం. ఎవరి చేతిలో ఏం కనబడ్డా లాక్కుంటాడని భయం.

"చెరువు ఒడ్డున కూర్చుని గాలం వేసుకో. సాయంత్రందాకా ఈ ఛాయలకి రాకు."

ఇంటిముందు బల్లలేసి, ప్రతిదానికీ టేపు ముక్క అంటించి ధర రాసింది. చెప్పిన వేళకి ముందే జనం దిగారు. చిక్కంతా అక్కణ్నించే మొదలు. మా ఊరివాళ్లకి సొంత వస్తువుని పొగడటమంటే మహాపాపం. అందులో మార్లిస్ మరీను.

"పొయ్యి బాగుందండీ," అందొకావిడ.

"ఏం బాగు నా మొహం! వెలగదు. మీకెందుకు లెండి."

"ఈ సైకిలో?"

"అయ్యో, దాన్ని ముట్టుకోకండి, చేతులకి తుప్పంటుతుంది."

జనం మర్యాదగా నవ్వి పక్కింటికి పోయారు. నిమ్మకాయ మిఠాయి పళ్లెం పట్టుకుని సాయానికి వెళ్లిన నాకు ఒళ్లు మండింది.

"అమ్మకానికి పెట్టి నువ్వే వద్దంటే ఎవరు కొంటారు తల్లీ?"

"అబద్ధాలు చెప్పమంటావా? రేపు చర్చిలో వాళ్ల మొహాలు ఎలా చూడను?"

"అయితే హాయిగా మంచు గీక్కో."

మధ్యాహ్నానికి ఒక్క పూలకుండీ అమ్ముడుపోయింది. మార్లిస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సామాన్లని మెచ్చుకోగల మనిషి ఊళ్లో ఒక్కడే. నేనింక ఎవర్నీ అడగలేదు, చెరువుకి పోయి డ్వేన్‌ని బండెక్కించుకొచ్చాను.

వస్తూనే డ్వేన్ ఒకామె చేతిలో దీపం చూశాడు. లాక్కుంటాడేమోనని మార్లిస్ అడ్డం రాబోయింది.

"అది మా అత్తగారిదండీ. ఆ వెలుతుర్లోనే ఆవిడ మా పెళ్లికి కూతురి గౌను కుట్టింది. తీగ తెగింది, నిజమే. కొత్తది ఎలా వెయ్యాలో చూపిస్తా రండి," అన్నాడు.

ఆమె దీపాన్ని గుండెకి హత్తుకుంది. పక్కనున్నాయన సైకిల్ సంగతి అడిగాడు. దానికీ ఒక కథ ఉంది, పొయ్యికి రెండున్నాయి. ఒక్క అబద్ధం లేదు. తనకి ప్రాణమైన వాటి గురించి చెప్తున్నాడంతే. పక్కింటికి పోయినవాళ్లు కూడా తిరిగొచ్చారు. ఒక్కో వస్తువు వాకిలి దాటుతుంటే ఆయన మొహం చూడలేకపోయాను.

చివరికి పడవ మిగిలింది. ఒక గడ్డపాయన దాన్ని తట్టి చూశాడు.

"నీళ్లు కారుతుందా?"

మార్లిస్ నోరు తెరవబోయింది. నేను గబుక్కున మిఠాయి ముక్క అందులో కుక్కాను. ఇక చెప్పాల్సింది డ్వేనే. అవునని ఊరుకుంటే చాలు, పడవ లోపలికే వస్తుంది. ఆయన చూపు పెళ్లాం వైపు తిరిగింది. ఆవిడ మణికట్టు రుద్దుకుంటోంది.

"అడుగున ఒకచోట కారుతుంది. అతుకేస్తే ఆగుతుంది," అన్నాడు డ్వేన్. ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "చెరువుకి ఉత్తరాన, వంగిన బర్చి చెట్టు కింద రెల్లు ఉందే, దాని పక్కన ఆపండి. చేపలే వచ్చి ఎక్కుతాయి."

నేను నిర్ఘాంతపోయాను. చేపలు పడే చోటు మా ఊళ్లో సొంత తమ్ముడికైనా చెప్పరు. ఆ గడ్డపాయనకీ ఆ విలువ తెలుసు. టోపీ తీసి, అడిగినంతా ఇచ్చి పడవ తీసుకుపోయాడు.

మార్లిస్ మిఠాయి మింగి, "ఇన్నేళ్లలో నాకు కూడా చెప్పలేదు కదయ్యా ఆ చోటు!" అంది.

"నీకు చెబితే ఊరందరికీ 'అక్కడేం పడవు లెండి' అని చెప్పేదానివి."

మంచు పడటానికి ఇంకా నెలలున్నాయి. అయినా ఆ సాయంత్రమే మార్లిస్ కారు తీసింది. ఖాళీ గ్యారేజీలో, పడవ ఉండే చోట డ్వేన్ నిలబడి "రా, ఇంకా రా" అని చేతులూపాడు. కారు ఆపి ఆవిడ చాలాసేపు దిగలేదు. దిగి ఆయన చొక్కాలో మొహం దాచుకుంది.

"వచ్చే వారం నీకింకో పడవ చూద్దాం," అంది ముక్కు ఎగబీలుస్తూ.

"ఎక్కడ పెడతాం?"

"బయట. దాని మీద మంచు నువ్వు గీకుదువుగాని."