అర మాత్ర

ధర్మవరంలో పట్టు నేసే ఇంట్లో పుట్టినవాడికి పారేయడం రాదు. పట్టు, జరీ షావుకారువి. తూకం వేసి ఇస్తాడు, చీర అయ్యాక తూకం వేసి తీసుకుంటాడు. తెగిన జరీ పోగును కూడా మా నాయన వేలికి చుట్టి దాచేవాడు. నాకూ ఆ బుద్ధే వచ్చింది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా చెప్పుతో నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎనభైల చివర్లో నాయనకు వెన్నులో క్యాన్సరని తేలింది. బెంగుళూరులో డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. నయం కాదు, నొప్పి మాత్రం తగ్గించవచ్చన్నాడు. నలభై మార్ఫిన్ మాత్రలు చేతిలో పెట్టి, నాలుగు గంటలకొకటి వేయమన్నాడు. నొప్పి వచ్చేదాకా ఆగొద్దని రెండుసార్లు చెప్పాడు. వేరే రాష్ట్రం వాళ్లకు ఇంతకు మించి ఇవ్వకూడదట, తర్వాతవి మీ వైపే కొనుక్కోండని చీటీ రాసిచ్చాడు.

మా వైపంటే ఎక్కడ? ధర్మవరంలో మందుల అంగళ్లన్నీ తిరిగాను. నాయనను పక్కింటివాళ్లకు అప్పగించి హిందూపురం పోయాను. అక్కడి అంగడాయన చీటీని ముట్టుకోనైనా లేదు.

"అది మత్తుమందప్పా. కొత్త చట్టం వచ్చిండాది. నన్ను జైలుకు పంపాలనుకుంటాండావా?" అన్నాడు.

దొంగరవాణా వాళ్ల కోసం చేసిన చట్టమట. దానికి దొరికింది మాత్రం మా నాయన.

పర్మిట్ కావాలంటే పెనుకొండలో ఒక ఆఫీసుకు పొమ్మన్నారు. పోయాను. గుమాస్తా చీటీ తిరగేసి, "రోగిని పిలుచుకొని రా, సారు చూసి రాస్తాడు" అన్నాడు. పక్క మీద ఒత్తిగిలలేని మనిషిని బస్సులో తేవాలట.

"లేయలేడు సార్" అన్నాను.

"అట్లయితే ఇంగ మందెందుకప్పా?" అన్నాడు, తాపీగా టీ తాగుతూ.

ఆ గ్లాసు లాక్కొని నేలకేసి కొట్టి ఉండాల్సింది. నమస్కారం పెట్టి వచ్చాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారికి దండం కూడా పెట్టాను. బయటికొస్తే ఎదురుగానే సారాయి అంగడి. సర్కారే వేలం వేసి ఇచ్చినది. పట్టపగలే జనం తూలుతున్నారు. తాగి చావడానికి ఊరూరా లైసెన్సులున్నాయి. నొప్పి లేకుండా చావడానికి జిల్లాలో ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

ఇంటికొచ్చాక మా వీధిలో సూదులు వేసే కాంపౌండరు మాత్రలు చూసి, "ఊరికే వేయగాకు, అలవాటైపోతాది" అన్నాడు. చచ్చేవాడికి అలవాటేమిట్రా అని అప్పుడు నాకు తట్టలేదు. మళ్లీ దొరకవన్న భయం ఒకటి. బ్లేడు తీసుకొని మాత్రను సగానికి కోశాను. జరీ పొదుపు చేసినట్టే నాయన మందునూ పొదుపు చేశాను. గంటలు చూడడం మానేశాను. ఆయన ముఖం పూర్తిగా వంకర పోయాకనే అర మాత్ర ఇచ్చేవాణ్ణి.

నాయన అరిచేవాడు కాదు. "మగ్గం ఆడించురా" అనేవాడు. ఆ చప్పుడులో తన మూలుగు వీధిలోకి పోదని. ఆయన పళ్లు బిగబట్టుకొని పడుకుంటే, పక్కనే మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చొని నేను నేశాను. ఎవరి పెళ్లికో చీర.

ఒకరోజు పొద్దున, ముందెప్పుడూ నోరు తెరిచి అడగని మనిషి అడిగాడు.

"ఒగటి ఉండాదా నాయనా? నిండుది?"

"లేదు నాయనా, అయిపోయినాయి. రేపు బెంగుళూరు పోయి తెస్తా" అన్నాను. ఇంకా ఎన్ని నెలలు ఈడ్వాలో, ముందు ముందు ఇంతకంటే పెద్ద నొప్పి వస్తే ఏం చేయాలో అని నా లెక్క.

"పోనీలే, నువ్వేం జేస్తావు" అన్నాడు. నన్నే ఓదార్చాడు. అన్నం వేళకు ప్రాణం పోయింది.

అయిపోయినాయని చెప్పినప్పుడు నా చొక్కా జేబులో పదిహేడున్నర మాత్రలున్నాయి.