ఆమె ఇంక రాదు సార్

అప్పుడు నేను పాలమూరులో పరిశోధన విద్యార్థిని. సీతాఫలం ఆకుల రసం గొర్రెలకు పట్టే పిడుదులను చంపుతుందా అన్నది నేనూ, నా స్నేహితురాలు సుజాతా కలిసి చేసిన పని. దాని కోసం మక్తల్ వైపు మందల వెంట ఇద్దరం ఎండల్లో తిరిగాం. ఆ ఏడు సైన్స్ విభాగాల వార్షిక సదస్సులో ఇద్దరం కలిసి మాట్లాడాలి.

ఆ పొద్దున సుజాత ఊరి నుంచి ఫోన్ చేసింది. "గురుకులంలో టీచర్ నౌకరి వచ్చిందే. ఇయ్యాలనే జాయిన్ కావాలె. జర నువ్వే చెప్పు."

ఒక్కదాన్నే వేదికెక్కి "మేము సేకరించాం, మేము పరీక్షించాం" అంటూ చెప్పుకుపోతున్నాను. అధ్యక్షులుగా కూర్చున్న పెద్దాయన ఆపారు. "మేము అంటున్నవ్, ఒక్కదానివే ఉన్నవ్ గదమ్మా?"

హాలంతా నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు. "నేనూ, సుజాత సార్. ఆమె ఇంక రాదు."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన లేచి నిలబడ్డారు. ఆయన్ను చూసి అందరూ లేచారు. "అయ్యో బిడ్డా, ఎప్పుడైంది?"

అప్పటికి గాని వాళ్లేమనుకున్నారో నాకు అర్థం కాలేదు. "సచ్చిపోలే సార్, నౌకరి వచ్చింది!"

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. మిగతాది ఎలా చెప్పానో నాకే తెలియదు.

సాయంత్రం సుజాత మళ్లీ ఫోన్ చేసింది. "ఎట్లయిందే?"

"మంచిగనే అయింది," అన్నాను.

ఆమె కొత్త బడి ముచ్చట్లు చెబుతుంటే, హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చుని విన్నాను. ఆమె కోసం నిజంగానే సంతోషపడ్డాను. అయినా ఆ రాత్రి అన్నం సహించలేదు.