కొబ్బరినూనె, కఫునే

మావారు తన పదవీ విరమణ సభలో టీ అందించినతనికి కూడా కృతజ్ఞతలు చెప్పి, పక్కనే కూర్చున్న నన్ను మరచిపోయారు. అమలాపురం నుంచి ఇంటికొచ్చేదాకా, వచ్చాక కూడా, నేను ఆయనతో మాట్లాడలేదు.

నా భుజం పట్టేసినప్పటి నుంచి రోజూ నాకు తలకు నూనె రాసి జడ వేసేది ఆయనే. మర్నాడు ఉదయం కూడా, నేను పలకకపోయినా, కొబ్బరినూనె గిన్నెతో వచ్చి నా వెనక కూర్చున్నారు. మా అమ్మాయి ఎదురుగా కూర్చుని, ప్రేమకు ఏయే భాషల్లో ఏ మాటలున్నాయో ఫోనులో చూసి చదువుతోంది.

"ఇష్టమైనవాళ్ల మీద అలిగితే తమిళంలో ఊడల్ అంటారంట. అమ్మ దగ్గర బోలెడు నిలవుందండి, నాన్నగారూ!"

"ఆయ్," అన్నారాయన.

ప్రేమించినవారి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి నిమరడానికి బ్రెజిల్‌లో ఒక్కటే మాట ఉందట, కఫునే. అంత చిన్న పనికి పేరు పెట్టినవాళ్లు ఎంత గొప్పవాళ్లో అనిపించింది. అప్పుడు ఆయన వేళ్లు నా జుట్టులోనే ఉన్నాయి. ఒక్క చిక్కునూ లాగకుండా విడదీస్తున్నాయి. అంత ఓపిక నేను మరెవరిలోనూ చూడలేదు.

జడ పూర్తిచేసి లేవబోయారు.

"వంకరగా వచ్చిందండీ. విప్పి మళ్లీ వెయ్యండి," అన్నాను.

సభ సంగతి మాత్రం నేను మరచిపోలేదు.